ఎవరిదీ కాని ఎముక

పన్ను రెండు ముక్కలై స్టీలు ట్రేలో పడింది. ముక్కకొక వేరు. వెనక వేరు పొడుగునా చీలి ఉంది, ఆ చీలికలో నల్లటి గీత. ఇన్నాళ్ళూ ఆవిడ ఎడమవైపే నమలడానికి కారణం ఆ గీతే.

మీరు కుర్చీకి కాస్త దూరంలో, గోడవార నిలబడ్డారు. మాస్కు ఇచ్చారు, తలకి టోపీ ఇచ్చారు, ఏదీ ముట్టుకోవద్దన్నారు. ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో, మందుల షాపు మీది మేడపై ఉన్న చిన్న పళ్ళాసుపత్రి ఇది. కింద ఆటోవాళ్ళు శ్రీకాకుళానికి మనుషుల్ని కేకేస్తున్నారు. హౌరా–చెన్నై లైను మీద గూడ్సు పోయినప్పుడల్లా కిటికీ అద్దం అదురుతుంది. డాక్టరమ్మ చెయ్యి మాత్రం అదరదు.

"ఇంకొంచెం తెరవాలమ్మా. పీకడం అయిపోయింది, ఇక శుభ్రం చెయ్యడమే."

కుర్చీలో ఉన్నావిడకి యాభై దాటి ఉంటాయి. నోట్లో గొట్టం ఉంది, కుడివైపు పెదవి చివరిదాకా మొద్దుబారి ఉంది. కళ్ళతోనే సరేనంది.

ఇప్పుడు ముందుకి వంగి చూడండి. చిగురు మధ్యలో ఎర్రటి గుంత, దాంట్లో రెండు గదులు, మధ్యన పలచటి ఎముక గోడ. డాక్టరమ్మ చిన్న గరిటె లాంటి పరికరంతో గోకుతోంది. మొదట చప్పుడు రాదు. చెడిన కండ మెత్తగా ఊడి వస్తుంది. తర్వాత గరగరమంటుంది. ఆ గరుకు చప్పుడు వినిపించేదాకా గోకుతూనే ఉండాలి. గట్టి ఎముక తగిలాక గుంత గోడల నుంచి సూదిమొనంత ఎర్రటి చుక్కలు లేస్తాయి, ఒకదానితో ఒకటి కలిసి అడుగున నిలుస్తాయి. మామూలుగా వైద్యులు రక్తాన్ని ఆపడానికి చూస్తారు. ఈవిడ దానికోసమే ఎదురుచూస్తోంది.

"రక్తం ఊరని గుంతలో ఏం పోసినా దండగే," అంటుంది మీవైపు తిరక్కుండానే. తర్వాత సన్నటి కడ్డీతో బుగ్గవైపు గోడని తడుముతుంది. కడ్డీ ఒకచోట జారి చిగురులోకి దిగింది. అక్కడ గోడ లేదు. చీలిన వేరు పక్కన చేరిన చీము దాన్ని తినేసింది.

ఆ లేని గోడే ఇవాళ్టి అసలు పని. నాలుగు గోడలూ నిక్షేపంగా ఉంటే ఈవిడ ఏమీ పొయ్యదు. గుడ్డ కరిపించి ఇంటికి పంపేస్తుంది. పీకిన ప్రతి పన్ను గుంతలోనూ ఏదో ఒకటి నింపి బిల్లు రాసే చోట్లూ ఉన్నాయి. అవసరం లేదని చెప్పడం కూడా వైద్యమేనని నా లెక్క. అయితే ఒక గోడ పోయిన గుంతని ఊరికే వదిలేస్తే దవడ అక్కడ లోపలికి కుంగిపోతుంది. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో, వెనకపళ్ళు పీకిన చోట ఎముక వెడల్పు ఏడాదిలో సగానికి పడిపోయినట్టు కొలిచారు. ఆ తరుగుదలలో మూడింట రెండొంతులు మొదటి 3 నెలల్లోనే. ఆ తర్వాత అక్కడ ఇంప్లాంట్ మర బిగించాలంటే చోటుండదు. కొడుకు దుబాయ్‌లో వెల్డరు. అమ్మకి పన్ను పెట్టించమని డబ్బు పంపాడు. అందుకని ఈ ఏర్పాటు.

నర్సు పిల్ల సీల్ చింపి, వేలెడంత లేని గాజు సీసాని స్టెరైల్ గుడ్డ మీదికి జారవిడిచింది. లోపల తెల్లగా, అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు సైజు పలుకులు. ఒకప్పుడు ఈ ఊరి ఫ్యాక్టరీలో ఆడిన పంచదారలా ఉన్నాయి. ఆ ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది, ఈ పంచదార వేరే ఊళ్ళ నుంచి వస్తుంది. లేబుల్ చదవండి: బ్యాచ్ నంబరు, గడువు తేదీ, గామా కిరణాలతో శుద్ధి చేసిన గుర్తు, సున్నాలో 2 అంకెని అడ్డంగా కొట్టేసిన బొమ్మ. రెండోసారి వాడకూడదని ఆ బొమ్మకి అర్థం. సగం మిగిలినా సరే, చెత్తబుట్టలోకే. సీసా ఖరీదు పన్ను పీకిన ఫీజు కంటే ఎక్కువ కాబట్టి ఆ నియమాన్ని పాటించడం చెప్పినంత తేలిక కాదు.

గొట్టం తీసిన సందు చూసుకుని ఆవిడ సగం పెదవితో అడిగింది.

"ఎవుల్దమ్మా ఆ ఎముక?"

"ఎవరిదీ కాదమ్మా. ఫ్యాక్టరీలో చేసింది."

"ఎముకలు సేసీ ఫేక్టరీ కూడా ఉందేటి! ఆవుది కాదు గదా?"

"కాదు. సున్నం, భాస్వరం కలిపి కొలిమిలో కాల్చింది."

ఆవిడ అడిగినది మంచి ప్రశ్న, చాలామంది అడగరు. ఎముక లోటు పూడ్చడానికి లోకంలో వాడే సరుకుల్లో పశువుల ఎముక నుంచి తీసినవి ఉన్నాయి, చనిపోయినవాళ్ళు దానమిచ్చిన ఎముకని శుద్ధి చేసి ఇచ్చే టిష్యూ బ్యాంకులు ఉన్నాయి, రోగి ఒంట్లోంచే తీసేదీ ఉంది. ఇంగ్లీషులో ఉన్న ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయించుకునేటప్పుడు, నోట్లో పెట్టబోయేది దేని నుంచి వచ్చిందో తెలుగులో ఒక్క ముక్క చెప్పాలి. చెప్పాక వద్దంటే అది వాళ్ళ ఇష్టం.

తలుపు అవతల బల్ల మీద కూచున్న ఆవిడ భర్తకి ఈ సీసా వ్యవహారం అంతుపట్టడం లేదు. హైవే మీద బండి ఢీకొని ఆయన మోకాలి కింద ఎముక నుజ్జయినప్పుడు కథ వేరేలా నడిచింది. "నాకు నా తుంటి ఎముకే గీకి మోకాలి కింద ఎట్టినారు బాబూ. కాలు బాగైంది గానీ, సలికాలం వొత్తే తుంటే సలుపుతాది," అని పంచె పక్కకి తీసి మచ్చ చూపిస్తాడు.

ఆయన తుంటిలోంచి వచ్చిన ఎముకకే ఇప్పటికీ పెద్దపీట. దాంట్లో ఎముక కట్టే కణాలుంటాయి, వాటిని మేల్కొలిపే ప్రోటీన్లుంటాయి, పాకడానికి చట్రం ఉంటుంది. సీసాలో పలుకులకి ఆ మూడింట్లో చివరిదొక్కటే ఉంది. కానీ తుంటిలోంచి తీయాలంటే ఇంకో కోత, ఇంకో నొప్పి. పన్నంత గుంత కోసం ఎవరూ తుంటి కొయ్యరు. పెద్ద ఎముకల డాక్టర్లు కూడా ఇప్పుడు కొన్ని కేసుల్లో, మోకాలి కీలు కుంగినప్పుడు కీలుని పైకెత్తి, కింద మిగిలిన ఖాళీలో ఇవే పలుకులు పెద్ద సైజువి నింపుతున్నారు.

డాక్టరమ్మ చిన్న గిన్నెలోకి పలుకులు ఒంపి, గుంతలో ఊరిన రక్తాన్నే సిరంజితో పీల్చి వాటి మీద వదిలింది. తెలుపు క్షణంలో ఎరుపెక్కింది. చూశారా, చుక్క చుక్కనీ పీల్చేసింది. ప్రతి పలుకులోనూ కంటికి కనపడని రంధ్రాలు, వందా రెండు వందల మైక్రాన్లవి, ఒకదానిలోంచి ఒకదానిలోకి దారులున్నవి. తయారు చేసేటప్పుడు కాలిపోయే పదార్థాన్ని పిండిలో కలిపి వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. అది కాలిపోయిన చోటల్లా రంధ్రం మిగులుతుంది. ఈ సరుకు విలువంతా ఆ ఖాళీలోనే ఉంది.

పలుకుల్లో ఉన్నవి రెండు రకాలు. హైడ్రాక్సీఅపటైట్ అరవై పాళ్ళు, బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ నలభై. మన ఎముక బరువులో మూడింట రెండొంతుల దాకా ఉండే ఖనిజానికి మొదటిది దగ్గరి చుట్టం. అది ఏళ్ళ తరబడి కరగదు, ఆకారాన్ని నిలబెడుతుంది. రెండోది నెలల్లో కరిగి చోటిస్తుంది. అంతా కరిగేదే అయితే ఎముక వచ్చేలోగా గుంత కుంగుతుంది. అంతా కరగనిదే అయితే ఎముకకి చోటు మిగలదు. ఆ పాళ్ళు కుదుర్చుకోవడానికి వైద్యానికి నూరేళ్ళు పట్టింది. 1892లో డ్రీస్‌మన్ అనే జర్మన్ సర్జన్ ఎముక గుంతల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపాడు. అది వారాల్లోనే కరిగిపోయేది. 1920లో అమెరికాలో ఫ్రెడ్ ఆల్బీ కుందేళ్ళ ఎముకల్లో కాల్షియం ఫాస్ఫేట్ పెట్టి చూశాడు. 1967లో లారీ హెంచ్ అనే గాజు శాస్త్రవేత్త బస్సులో పోతుంటే, వియత్నాం నుంచి వచ్చిన సైనికాధికారి పక్క సీట్లో కూచుని, శరీరం తోసెయ్యని పదార్థం ఏదైనా చెయ్యగలవా అని అడిగాడట. హెంచ్ సోడియం, కాల్షియం, భాస్వరం కలిపిన ఒక గాజు చేశాడు. దాన్ని ఎలుక తొడ ఎముకలో పెట్టి, కొన్ని వారాల తర్వాత పీకబోతే రాలేదు. ఎముక పట్టేసుకుంది. మన దగ్గర తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థవాళ్ళు ఈ సిరామిక్‌ల మీద చాలా ఏళ్ళు పనిచేశారు. ఇప్పుడు స్వదేశీ సీసాలు కూడా దొరుకుతున్నాయి.

తడిసిన పలుకులు గుంతలోకి దిగుతున్నాయి. డాక్టరమ్మ వాటిని కూరడం లేదని గమనించండి. సర్దుతోంది, వేలితో కాదు, మొద్దు మొనతో, అటూ ఇటూ తడుతూ. గట్టిగా దట్టిస్తే పలుకుల మధ్య సందులు మూసుకుపోయి రక్తనాళాలకి దారుండదు. చిగురు అంచు వచ్చేసరికి ఆపేసింది. సీసాలో ఇంకా కొంచెం మిగిలింది, అది బుట్టలోకి పోయింది.

పైన మూత వెయ్యాలి. లేకపోతే చిగురు వేగంగా పెరిగి ఎముక కంటే ముందు గుంతలోకి దూరిపోతుంది. కాగితంలా పలచటి తెల్లటి పొరని కత్తిరించి లేని గోడవైపు దూర్చింది.

"ఇది మాత్రం జంతువుదేనమ్మా, ముందే చెప్పాను కదా. చేప నుంచి తీసింది."

ఆవిడ చెయ్యెత్తింది. గొట్టం తీశారు.

"సేపైతే పర్వానేదు గానీ, ఇయ్యాల సోమారం గదమ్మా!"

"తినడం లేదు కదా, మూత పెడుతున్నాం."

ఆవిడ కాసేపు ఆలోచించి నోరు తెరిచింది. నర్సు పిల్ల మాస్కు వెనక నవ్వుతోంది. నల్లటి పట్టుదారంతో అడ్డంగా రెండు కుట్లు. అయిపోయింది.

ఎక్స్‌రే తీస్తే తెర మీద గుంత తెల్లగా నిండుగా ఉంది. భర్తని పిలిచి చూపిస్తే, "ఎముక వొచ్చీసిందే!" అన్నాడు. రాలేదు. ఆ తెలుపు పలుకులది. వాటిలో ఉన్నదీ కాల్షియమే కాబట్టి మొదటి రోజు నుంచే ఫిల్ములో ఎముకలా కనిపిస్తాయి. ఈ సరుకుతో వచ్చే పెద్ద చిక్కు ఇదే: తెల్లటి ఫిల్ము చూసి రోగి సంబరపడతాడు, అవసరమైతే డాక్టరూ సంబరపడగలడు. కొత్త ఎముకేదో పాత పలుకేదో ఆ ఫిల్ము చెప్పదు.

జాగ్రత్తల కాగితం కంటే ముందు డాక్టరమ్మ చేసే పని ఒకటుంది. అద్దాన్ని తిప్పి అంగిలి చూస్తుంది. మీరూ చూడండి. నోటి కప్పు గులాబీ రంగులో ఉండాల్సింది, తెల్లగా మందంగా గట్టిపడి ఉంది, దాని మీద ఎర్రటి చుక్కలు. చిన్న లాలాజల గ్రంథుల మూతులు ఉబ్బి అలా కనిపిస్తాయి. శ్రీకాకుళం జిల్లాలో పనిచేసే ఏ పళ్ళ డాక్టరైనా ఈ కప్పుని చూడగానే గుర్తుపడతారు. అడ్డపొగ. చుట్ట వెలిగించి, మండే కొసని నోట్లో పెట్టుకుని, పెదవులు బిగించి కాల్చడం. గాలికి ఆరిపోదంటారు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయంటారు. ఈ అలవాటు మీద ప్రపంచం చదివే చాలా వైద్య పత్రాలకి ఈ జిల్లా పల్లెలే ఆధారం. డెన్మార్కు శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, ముంబై టాటా సంస్థ పరిశోధకులు కలిసి ఇక్కడ 10,169 మంది నోళ్ళు తెరిపించి చూసి 1971లో ప్రచురించారు. నూటికి 43.8 మంది అడ్డపొగ తాగేవాళ్ళే. వాళ్ళు వెతికింది అంగిలి క్యాన్సర్‌ని. ఈ డాక్టరమ్మా ముందు దానికోసమే చూస్తుంది, తర్వాతే ఎముక గురించి ఆలోచిస్తుంది.

పొగాకు రక్తనాళాల్ని బిగిస్తుంది. ఎవరి పలుకులు పోసినా అవి బతికేది కొత్త రక్తనాళాల మీదే. అందుకే మూడు నెలలు మానితేగానీ మర బిగించనని ముందే షరతు పెట్టింది. ఆవిడ పుట్టిల్లు కవిటి. కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ ఉద్దానం వైపు మనిషి అనగానే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించింది, కిడ్నీలు దెబ్బతింటే ఎముక తీరే మారిపోతుంది కాబట్టి. పరీక్ష బాగానే వచ్చింది. అయినా నొప్పికి పారాసెటమాల్ మాత్రమే రాసింది, డైక్లోఫెనాక్ జోలికి పోలేదు.

"చుట్ట ముట్టకూడదమ్మా. ఒక్కటి కూడా."

"ఒగ్గీసినాను గదమ్మా. ఎప్పుడో ఒగ్గీసినాను."

ఇక్కడి నుంచి జరిగేది ఎవరికీ కనిపించదు. ఆవిడ ఇంటికెళ్ళే బస్సులో ఉండగానే పలుకుల మధ్య రక్తం గడ్డకట్టి అన్నిటినీ ఒక్క ముద్దగా పట్టేసింది. రోజులు గడిచేకొద్దీ గుంత గోడల్లోంచి వెంట్రుకకంటే సన్నటి నాళాలు ఆ గడ్డలోకి చొచ్చుకొస్తాయి, రంధ్రాల్లోకి దూరతాయి. వాటి వెంట ఎముక కట్టే కణాలు. అవి పలుకు గోడని ఆనుకుని ముందు మెత్తటి కొలాజెన్ పరుస్తాయి, దాంట్లో సున్నం చేరుతుంది. ఇంకోవైపు ఎముకని తినే కణాలు పలుకుల్లోని కరిగే భాగాన్ని కొరుకుతాయి. ఒకరు కడుతుంటే ఒకరు కూలుస్తుంటారు, ఇద్దరూ కావాలి. పని అంచుల దగ్గర మొదలై నడిమికి వస్తుంది. గోడ ఉన్న ముందు గదిలో దారి దగ్గర. గోడ లేని వెనక గదిలో దూరం, పైగా పక్కనే చిగురు తోసుకొస్తుంటుంది. ఆ వెనక గదిలో నాళాలు ఒకటి రెండు వారాలు బిగిస్తే చాలు, ఎముక బదులు చిగురు కండే వచ్చి పలుకుల్ని చుట్టేస్తుంది.

నెలలు గడిచాయి. సంక్రాంతికి ముందు వారం. మీరు అదే గోడవార నిలబడ్డారు. కొడుకు వచ్చాడు, కింద మందుల షాపు దగ్గర ఫోన్లో మాట్లాడుతున్నాడు, పండగ వెళ్ళగానే తిరుగు ప్రయాణం. ఫిల్ము తెల్లగా, నిండుగా ఉంది. డాక్టరమ్మ దాన్ని ఒక్కసారి చూసి పక్కన పెట్టింది.

చిగురు తెరిచింది. ముందు గది ఉన్నచోట కడ్డీతో నొక్కితే కదల్లేదు, గోకితే గరుకు చప్పుడు. గులాబీ ఎముకలో అక్కడక్కడా తెల్లటి పలుకులు పొదిగి ఉన్నాయి, గోరుతో పీకినా రానట్టు. ఎవరిదీ కాని సరుకు అక్కడ ఆవిడదైపోయింది. వెనక్కి జరిగితే బుగ్గవైపు కడ్డీ మెత్తగా దిగింది. పలుకులు కండలో వదులుగా దొర్లుతున్నాయి, పోసిన రోజున ఎలా ఉన్నాయో అలాగే. గరిటెతో తోడితే గుడ్డ మీద ఓ చిటికెడు పోగైంది.

డాక్టరమ్మ ఏమీ అనకుండా అద్దం తిప్పి అంగిలి చూసింది. రెండు నెలల కిందట చూసినప్పుడు పలచబడ్డ ఎర్ర చుక్కలు మళ్ళీ గట్టిగా కనిపిస్తున్నాయి.

కుట్లు వేసి, కుర్చీ లేపి, భర్తని లోపలికి పిలిచింది.

"చుట్ట మానేశారన్నారు కదమ్మా?"

"ఒగ్గీసినాను."

"ఒగ్గీనేదమ్మా," అన్నాడు ఆయన నేల చూస్తూ. "రాత్తిరేల ఒకటి కాలస్తాది."

"ఒకటే గదా!" అని ఆవిడ భర్తని ఒక చూపు చూసింది.

ఇవాళ మర బిగించడం కుదరదని డాక్టరమ్మ చెప్పింది. ముందు సగం బాగుంది, వెనక సగం ఆ కండ తీసేశాను, మానాలి. పొగ లేకుండా మూడు నెలలు. ఉగాది వెళ్ళాక చూద్దాం. కొడుకు పైకి వచ్చి, అప్పటికి తను ఉండనని, ఇప్పుడే ఎలాగోలా పెట్టెయ్యమని అడిగాడు. డబ్బు ఎక్కువైనా ఫర్వాలేదన్నాడు. డాక్టరమ్మ ఆ చిటికెడు పలుకుల్ని గుడ్డతో సహా అతని ముందు పెట్టింది. మర బిగించినా ఇందులోనే కదా బిగించాలి, అంది. అతనింక అడగలేదు.

కార్డు వెనక 1800-11-2356 అని రాసిచ్చింది, పొగాకు మానడానికి సాయం చేసే ప్రభుత్వ ఉచిత నంబరు. సిగరెట్ పెట్టెల మీద అచ్చేసి ఉంటుంది. చేత్తో చుట్టుకునే చుట్టకి పెట్టె ఉండదు, అందుకని ఈవిడ ప్రతి కార్డు వెనకా చేత్తోనే రాస్తుంది.

భర్త కార్డు జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ కొంగు సర్దుకుని లేచి, తలుపు దాకా వెళ్ళి, ఏదో తోచి ఆగింది.

"అయితే ఒక పని సేత్తాను డాక్టరమ్మా. అడ్డపొగ మానీసి, నిప్పు బయటెట్టుకుని కాలస్తాను. మగోళ్ళ నాగ. అలగైతే?"

"అంగిలికి కొంచెం మేలమ్మా. ఎముకకి రెండూ ఒకటే," అంది డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పుతూ, తర్వాతి మనిషిని పిలవమని నర్సు పిల్లకి సైగ చేసింది.